యాక్సిడెంట్ పరిహారం: ఏ దారిలో వెళ్తే చేతికెంత వస్తుంది?

పూతలపట్టు–నాయుడుపేట రోడ్డు. రాత్రి తొమ్మిది దాటింది. పార్కింగ్ లైట్లు వెయ్యకుండా, వెనకాల ఎర్ర త్రికోణం పెట్టకుండా లారీని రోడ్డు పక్కన ఆపేసి డ్రైవరు భోజనానికి పోయాడు. బైకు మీద వస్తున్న మనిషి దాన్ని చూసుకోలేదు. తిరుపతిలో గానీ చిత్తూరులో గానీ కోర్టుకెళ్లే ఏ వకీలునడిగినా ఇలాంటి కేసులు వరసగా చెప్తాడు. ఊహించుకున్న ఈ కేసునే పట్టుకుని మాట్లాడుకుందాం. పరిహారానికున్న దారులు చాలావరకు ఇక్కడే చీలతాయి.

ఇంటివాళ్లు మొదట అడిగేది ఒకటే: "ఏ సెక్షన్ కింద వేస్తే ఎక్కువొస్తుంది సామీ?" కాగితం మీద ఎంత పెద్ద అంకె పడింది అన్నదాని కన్నా ముందు తేల్చుకోవాల్సినవి వేరే ఉన్నాయి. అవతలివాడి తప్పు రుజువు చెయ్యగలమా? కట్టాల్సినవాడి దగ్గర నిజంగా డబ్బుందా? డబ్బొచ్చేదాకా మన ఇల్లు ఎన్నేళ్లు ఆగగలదు? ఒకరి తప్పు వల్ల ఇంకొకరికి జరిగిన నష్టానికి పరిహారం ఇప్పించే చట్టాన్ని టార్ట్ చట్టం అంటారు, అర్థశాస్త్రం చదివినవాళ్లు దాన్ని చూసే తీరు ఇదే. ఆ చూపు మన ఎంపికకు బాగా పనికొస్తుంది.

తప్పు అంటే ఏమిటో ముందు చూద్దాం. 1947లో అమెరికాలో లెర్నెడ్ హ్యాండ్ అనే జడ్జి ముందుకు ఒక కేసొచ్చింది. న్యూయార్క్ రేవులో కాపలా మనిషి లేని సరుకు పడవ ఒకటి కట్లు తెగి కొట్టుకుపోయి మునిగింది. తీర్పులో ఆయన ఒక లెక్క చెప్పాడు. జాగ్రత్త తీసుకోవడానికి అయ్యే ఖర్చు ఒకవైపు, ప్రమాదం జరిగే అవకాశాన్ని జరిగితే వచ్చే నష్టంతో గుణిస్తే వచ్చేది రెండోవైపు. మొదటిది తక్కువై ఉండి కూడా జాగ్రత్త పడకపోతే అది నిర్లక్ష్యం. మన లారీకి పెట్టి చూడండి. త్రికోణం ఖరీదు కొన్ని వందలు, పార్కింగ్ లైటు వెయ్యడానికి ఖర్చే లేదు. చీకటి రోడ్డు మీద ప్రాణం పోయే అవకాశం నూటికి ఒకటి అనుకున్నా నష్టం లక్షల్లో ఉంటుంది. ప్రమాద పరిహారం తేల్చే మన ట్రిబ్యునళ్లు ఈ సూత్రాన్ని పేరు పెట్టి వాడవు, కానీ సాక్ష్యం విన్నాక ఆలోచన పోయేది ఆ దారిలోనే.

అయితే అదే లెక్క బైకాయనకూ వర్తిస్తుంది. హెడ్‌లైట్ ఉంది కదా, వేగం తగ్గించి ఉంటే కనపడేది కదా అని ఇన్సూరెన్స్ కంపెనీ వకీలు తప్పకుండా అడుగుతాడు. ఆగి ఉన్న లారీ కేసుల్లో ఇద్దరికీ తప్పు పంచి, పరిహారంలో కొంత కోసెయ్యడం మామూలే.

164 కింద అడగాలా, 166 కింద అడగాలా

మోటారు వాహనాల చట్టం 1988లో ఉన్న రెండు ముఖ్యమైన దారులివి. 2019 సవరణ తర్వాత, 2022 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న రూపం చెప్తున్నాను. 164 కింద తప్పెవరిదో రుజువు చెయ్యక్కర్లేదు. మనిషి చనిపోతే 5 లక్షలు, తీవ్ర గాయమైతే రెండున్నర లక్షలు. కోతల్లేవు, పెంపూ లేదు. 166 కింద తప్పు రుజువు చెయ్యాలి, చేస్తే 'న్యాయమైన పరిహారం' మొత్తం వస్తుంది.

166 లెక్క సుప్రీంకోర్టు 2009లో సరళా వర్మ కేసులో, 2017లో ప్రణయ్ సేఠీ కేసులో ఖరారు చేసిన పద్ధతిలో నడుస్తుంది. చనిపోయిన మన బైకాయనకు 34 ఏళ్లు, సొంత పని మీద నెలకు 15,000 సంపాదన, ఇంట్లో భార్య, ఇద్దరు పిల్లలు, తల్లి అనుకోండి. నలభై లోపు వయసు, సొంత పని కాబట్టి ముందుముందు ఆదాయం పెరిగేది కదా అని 40 శాతం కలుపుతారు: 21,000. ఆధారపడినవాళ్లు నలుగురు, కాబట్టి ఆయన సొంత ఖర్చు కింద నాలుగో వంతు తీసేస్తారు: 15,750. ఏడాదికి 1,89,000. ఆ వయసుకు గుణకం, అంటే ఏడాది మొత్తాన్ని ఎన్నిసార్లు లెక్కెయ్యాలో చెప్పే అంకె, 16. మొత్తం 30,24,000. అంత్యక్రియలకు, భార్యాబిడ్డలు కోల్పోయిన తోడుకు ఇచ్చే చిన్న మొత్తాలు దీనికి అదనం.

ఇప్పుడు పోల్చండి. సగం తప్పు బైకాయనదే అని తేల్చినా 15 లక్షల పైమాటే. అటు 164లో 5 లక్షలు. ఆలస్యాన్ని పక్కన పెడితే, ఆరింట ఒక వంతు గెలిచే ఆశ ఉన్నా 166 వెయ్యడమే లాభం. సంపాదించే వయసు మనిషి పోయినప్పుడు 164 వైపు చూడాల్సింది సాక్ష్యం బొత్తిగా లేనప్పుడు మాత్రమే.

అలాగని 164ని తీసిపారెయ్యకండి. అది గెలిచే చోట్లు రెండున్నాయి, వీటిని చాలామంది గమనించరు. ఒకటి, రోడ్డు దాటుతూ పోయిన 68 ఏళ్ల అవ్వ. ఆ వయసుకు గుణకం 5, భవిష్యత్తు పెంపు ఏమీ కలపరు. ఆవిడ ఇంటి పనికి నెలకు 8,000 కట్టి, మూడో వంతు తీసేస్తే 3,20,000 అవుతుంది. పిల్లల తరఫున ఇచ్చే మొత్తాలు కలిపినా 5 లక్షల చుట్టుపక్కలే తేలుతుంది. దానికోసం ఏళ్ల తరబడి తిరగడం దండగ. రెండోది, ఎముక విరిగి, కట్టు కట్టించుకుని, ఆర్నెల్లకు మామూలైపోయిన మనిషి. విరిగిన ఎముక చట్టం దృష్టిలో తీవ్ర గాయమే. 166లో ఆస్పత్రి బిల్లులు, పోయిన కూలి, నొప్పికి కొంత కలిపి లక్షో లక్షన్నరో వచ్చే కేసుకు 164లో రెండున్నర లక్షలు ఉన్నాయి. వైకల్యం మిగిలితే మాత్రం లెక్క మళ్లీ 166 వైపు తిరుగుతుంది. అందుకే డాక్టరు వైకల్యం తేల్చేదాకా 164 కాగితాల మీద సంతకం పెట్టొద్దు. 164 కింద డబ్బు తీసుకోవడానికి ఒప్పుకుంటే 166 కింద వేసిన పిటిషన్ రద్దయిపోతుంది. రెండూ తినడం కుదరదు.

గడువు సంగతి. 166 పిటిషన్ ప్రమాదం జరిగిన ఆరు నెలల్లో వెయ్యాలని సవరణ చెప్తోంది. ఈ నిబంధన మీద సుప్రీంకోర్టులో సవాళ్లు నడుస్తున్నాయి గానీ, ఆ భరోసాతో కూర్చోకండి. ప్రమాదం ఎక్కడ జరిగినా మీరు ఉండే ఊరి ట్రిబ్యునల్లోనే వేసుకోవచ్చు. వేలూరు దగ్గర దెబ్బ తగిలినా చిత్తూరులో నడుపుకోవచ్చు. వాయిదాకు పోయిన ప్రతిసారీ పోయే కూలిని లెక్కేస్తే ఇది చిన్న విషయం కాదు.

గుద్ది పారిపోయిన బండి దొరక్కపోతే దారి వేరు. 161 సెక్షన్ కింద చనిపోతే 2 లక్షలు, తీవ్ర గాయానికి 50,000. అర్జీ కోర్టులో కాదు, రెవెన్యూ ఆఫీసులో పెట్టాలి.

రెండు రూపాయల వడ్డీ, లోక్ అదాలత్

నా దృష్టిలో అన్నిటికన్నా పెద్ద తేడా తెచ్చేది టైము. ట్రిబ్యునల్ ఇచ్చే మొత్తానికి పిటిషన్ వేసిన రోజు నుంచి వడ్డీ కూడా వేస్తుంది, ఆరు నుంచి తొమ్మిది శాతం మధ్య. అందరూ దీన్ని లాభంగా చూస్తారు. కానీ మనిషి పోయిన ఇంట్లో ఆస్పత్రికీ కర్మకాండలకూ తెచ్చిన అప్పు నూటికి రెండు రూపాయల వడ్డీలో ఉంటుంది. అంటే ఏడాదికి 24 శాతం.

కేసు విలువ 12 లక్షలు, గెలిచే అవకాశం పదికి ఎనిమిది, తేలడానికి నాలుగేళ్లు అనుకోండి. అవకాశంతో గుణిస్తే 9,60,000. కోర్టు వడ్డీ ఏడున్నర శాతం చొప్పున నాలుగేళ్లకు 30 శాతం కలిస్తే 12,48,000. ఇది నాలుగేళ్ల తర్వాత చేతికొచ్చే డబ్బు. రెండు రూపాయల వడ్డీ కడుతున్న ఇంటికి, బారువడ్డీ లెక్కన చూసినా, ఆ డబ్బు ఈరోజు విలువ 6,37,000 దాటదు. అదే అప్పు లేకుండా, బ్యాంకులో ఏడు శాతానికి డిపాజిట్ వేసుకునే స్తోమతు ఉన్న ఇంటికైతే 9,75,000. ఇప్పుడు రాజీ కుదిర్చే లోక్ అదాలత్‌లో ఇన్సూరెన్స్ కంపెనీ 7 లక్షలు ఇస్తానంది. మొదటి ఇల్లు ఒప్పుకుంటే తెలివైన పని. రెండో ఇల్లు ఒప్పుకుంటే పావు వంతుకు పైగా వదులుకున్నట్టే. కేసు ఒకటే, సమాధానాలు రెండూ సరైనవే. "పక్కింటాయనకు అంతొచ్చింది, నువ్వెందుకు తగ్గావు" అనేవాళ్లకు ఈ సంగతి తెలీదు.

కంపెనీకి ఆలస్యం దాదాపు ఉచితం. కోర్టు వేసే వడ్డీ దాని పెట్టుబడుల మీద వచ్చే రాబడికి దగ్గర్లోనే ఉంటుంది కాబట్టి. బేరంలో వాళ్లు తొందరపడకపోవడానికి కారణం అదే. మీ తొందర వాళ్లకు కనపడనివ్వకండి.

లోక్ అదాలత్‌లో కోర్టు ఫీజు ఉండదు, పెండింగ్ కేసు రాజీ అయితే కట్టిన ఫీజు వాపసు వస్తుంది. అక్కడిచ్చే తీర్పు (అవార్డు) మీద అప్పీలు లేదు. అప్పీలు లేకపోవడం ఇక్కడ మీకే మంచిది. కంపెనీ హైకోర్టుకు పోయి ఇంకొన్నేళ్లు లాగే వీలు పోతుంది. ఆడవాళ్లకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో సంబంధం లేకుండా న్యాయసేవాధికార సంస్థ ఉచితంగా వకీలును ఇస్తుంది. చిత్తూరులో జిల్లా కోర్టుల ఆవరణలో అడగండి. ఇంకోమాట, వచ్చిన పరిహారంలో ఇంత వాటా అని ఫీజు మాట్లాడుకోవడం బార్ కౌన్సిల్ నియమాలకు విరుద్ధం. అలా మాట్లాడుకునేవాళ్లు లేరని కాదు. మీ లెక్కలో అది ఎంత కోస్తుందో ముందే వేసుకోండి.

పోలీస్ స్టేషన్ దగ్గర కుదిరే రాజీ సంగతి వేరు. "కేసులు గీసులు ఎందుకు లేన్నా, ఆస్పత్రి ఖర్చు మా ఓనరు పెట్టుకుంటాడు. పిల్లోడికి బాగైతే చాలు గదా" అని లారీ తరఫువాళ్లు మెత్తగా మాట్లాడతారు. ఆ మాటలో అబద్ధం లేకపోవచ్చు. కానీ అప్పటికి గాయం ఎంత లోతో మీకు తెలీదు. తలకు తగిలిన దెబ్బ, మోకాలి దెబ్బ వారాల తర్వాత గానీ అసలు రంగు చూపించవు. ఎంత నష్టమో తెలియకముందే దానికి ధర కట్టి అమ్మేసినట్టు అవుతుంది. 2025 మే నుంచి కేంద్రం తెచ్చిన నగదు రహిత చికిత్స పథకంలో రోడ్డు ప్రమాద బాధితులకు మొదటి ఏడు రోజులకు లక్షన్నర దాకా వైద్యం అందుతుంది. తిరుపతిలో రుయా ఆస్పత్రిలోనో స్విమ్స్‌లోనో చేరగానే దాని గురించి అడగండి. మొదటి వారంలో చేతిలో డబ్బు లేక సంతకం పెట్టే పరిస్థితి కొంతైనా తప్పుతుంది. ఎఫ్ఐఆర్ మాత్రం వదలొద్దు. అది లేకపోతే తర్వాత ఏ దారైనా కష్టమవుతుంది.

పనిలో ఉండగా ప్రమాదమైతే

మొగిలి ఘాట్‌లో లారీ డ్రైవరు చనిపోయాడనుకోండి. ఆయన ఇంటివాళ్లకు రెండు తలుపులున్నాయి: మోటారు ట్రిబ్యునల్, కార్మిక పరిహార చట్టం. 167 సెక్షన్ ప్రకారం ఏదో ఒకటే ఎంచుకోవాలి. 1923 నాటి కార్మిక పరిహార చట్టాన్ని ఇప్పుడు సామాజిక భద్రత కోడ్‌లో కలిపేశారు, లెక్క పద్ధతి మారలేదు. నెల జీతంలో సగాన్ని వయసును బట్టి ఉండే గుణకంతో గుణిస్తారు. 2020 నుంచి వస్తున్న పరిమితి ప్రకారం జీతం 15,000 మించి లెక్కలోకి రాదు. ముప్పై ఏళ్లకు గుణకం 207.98. అంటే 7,500 పెట్టి గుణిస్తే 15,59,850. అదే జీతం, అదే వయసు, నలుగురు ఆధారపడ్డవాళ్లతో మోటారు ట్రిబ్యునల్లో 32,13,000.

చూడగానే రెండోదే అనిపిస్తుంది. ఎదురుగా వచ్చిన బండిది తప్పయితే నిజమే. కానీ బ్రేకులు పట్టకనో, నిద్ర ఆపుకోలేకనో డ్రైవరే తప్పు చేసి ఉంటే 166 కింద ఆయన వారసులకు పైసా రాదు. ప్రాణం పోయిన కేసులో కార్మిక పరిహారానికి డ్రైవరు తప్పు అడ్డు కాదు. ఎదుటి బండి తప్పు అని తేలే అవకాశం సగానికన్నా తక్కువగా ఉంటే 15 లక్షలే పెద్ద మొత్తం. పైగా నెలలోపు కట్టకపోతే యజమాని మీద 12 శాతం వడ్డీ పడుతుంది. ఛార్జిషీటు ఎవరి మీద వేశారో చూసి గానీ తలుపు ఎంచుకోకండి.

తోతాపురి సీజన్లో మామిడి తోటలకు కూలీలు ట్రాక్టరు ట్రాలీలో కూర్చుని పోవడం చూస్తూనే ఉంటాం. ఇక్కడ అసలు చిక్కు పరిహారం ఎంతన్నది కాదు, కట్టేవాళ్లెవరన్నది. సరుకు బండిలో ఊరికే ఎక్కించుకున్న మనిషికి ఇన్సూరెన్స్ బాధ్యత ఉండదని సుప్రీంకోర్టు 2002లోనే ఆశారాణి కేసులో చెప్పింది. ట్రాలీలో ఉన్నవాళ్ల కేసుల్లో కంపెనీ ఎత్తే మొదటి వాదన ఇదే. కంపెనీ తప్పుకుంటే మిగిలేది ట్రాక్టరు ఓనరు. మూడెకరాల రైతు మీద 20 లక్షల అవార్డు వస్తే దాన్ని వసూలు చెయ్యడం తిరుమలకు మోకాళ్ల మీద ఎక్కడమే. ఆ కూలీలు నిజంగా ట్రాక్టరు ఓనరు కింద పనిలో ఉన్నవాళ్లే అయితే కార్మిక పరిహారం వైపు, పాలసీలో కూలీలకు విడిగా ప్రీమియం కట్టారా అన్నవైపు చూడాలి. పాలసీ కాపీ చేతిలో లేకుండా ఏ నిర్ణయమూ వద్దు.

ఒక పక్క మాట. పరిహారం భయంతో జనం జాగ్రత్తపడతారన్నది అర్థశాస్త్రం ఆశ. మన దగ్గర థర్డ్ పార్టీ ప్రీమియం ప్రభుత్వం బండి రకాన్ని బట్టి ఖరారు చేస్తుంది. నాలుగు ప్రమాదాలు చేసిన లారీకీ ఒక్కటీ చెయ్యని లారీకీ ఒకటే రేటు. ఓనరుకు నొప్పి తెలియదు, త్రికోణం కొనడు. తిరుమల ఘాట్ రోడ్డులో మాత్రం పద్ధతి వేరు. కింద టైం వేసి, నిర్ణీత సమయం కన్నా ముందే చేరిన బండిని పట్టుకుంటారు. కోర్టులో తర్వాత కట్టించే దానికన్నా ఆ టైం చీటీయే ఎక్కువ ప్రాణాలు కాపాడుతుందని నా నమ్మకం.

ఆస్పత్రి, పొరుగు ఫ్యాక్టరీ

వైద్యంలో నిర్లక్ష్యం జరిగితే, డబ్బు కట్టి చేయించుకున్న వైద్యమైనంత వరకు వినియోగదారుల కమిషన్ దాదాపు ప్రతిసారీ సివిల్ దావా కన్నా మేలు. కట్టిన మొత్తం 5 లక్షల లోపైతే ఫీజే లేదు, 50 లక్షల దాకా జిల్లా కమిషన్‌లోనే వేసుకోవచ్చు, గడువు రెండేళ్లు. సివిల్ దావాలో అడిగిన మొత్తాన్ని బట్టి కోర్టు ఫీజు ముందే కట్టాలి. అయితే అందరికీ ఉచితంగా వైద్యం చేసే ఆస్పత్రి మీద వినియోగదారుల చట్టం పనిచెయ్యదని 1995లో సుప్రీంకోర్టు చెప్పింది, అక్కడ సివిల్ దావాయే దిక్కు. డాక్టరు మీద క్రిమినల్ కేసు పెడితే దారికొస్తారన్న సలహా చాలామంది ఇస్తారు. దానివల్ల డబ్బు రాదు, తీవ్రమైన నిర్లక్ష్యం ఉంటే తప్ప నిలవదు కూడా. ఆ ఖర్చును ఇంకో డాక్టరు చేత రికార్డులు చదివించుకోవడానికి పెట్టండి. కేసు తేలేది అక్కడే.

గ్రానైట్ పాలిషింగ్ దుమ్ము, మామిడి గుజ్జు ఫ్యాక్టరీ నీళ్లు మరో రకం. రొనాల్డ్ కోస్ 1960లో చెప్పినదాని సారం ఇది: హక్కు ఎవరిదో స్పష్టంగా ఉండి, బేరమాడుకునే ఖర్చు తక్కువైతే ఇద్దరూ కూర్చుని తేల్చుకోగలరు. ఒక బావి, ఒక ఫ్యాక్టరీ అయితే ఆ మాట నిజమే. పెద్దమనుషుల ముందు రాతపూర్వకంగా ఒప్పందం చేసుకుని, ఫ్యాక్టరీ చేత బోరు వేయించుకోవడమో ఏడాదికింత అని తీసుకోవడమో కోర్టు కన్నా చవక. ముప్పై ఇళ్లయితే బేరం కుదరదు. ఒకరు ఒప్పుకుంటే ఇంకొకరు ఒప్పుకోరు, ఖర్చు పెట్టేది ఒకరు, ఫలితం అందరిదీ. దుమ్ము వెంటనే ఆగాలంటే భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 152 సెక్షన్ కింద ఆర్డీఓకు అర్జీ పెట్టొచ్చు, అది డబ్బివ్వదు. పరిహారం కావాలంటే చెన్నైలో ఉన్న జాతీయ హరిత ట్రిబ్యునల్ దక్షిణ బెంచ్. అక్కడ ప్రమాదమైతే తప్పు రుజువు చెయ్యకపోయినా బాధ్యత పడుతుంది, పరిహారానికి ఐదేళ్ల గడువుంది. తిరుపతి నుంచి చెన్నై ఎలాగూ అమరావతి హైకోర్టు కన్నా దగ్గర. ఐదారు ఇళ్లవాళ్లు కలిసి ఒకటే అర్జీ వేసుకుంటే వకీలు ఫీజూ, రైలు ఛార్జీలూ పంచుకోవచ్చు.